నాన్నకి అల్జీమర్స్ వచ్చింది, నాకూ వస్తుందా? కొబ్బరినూనె తాగమంటారా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 74 ఏళ్ళు, కిందటేడు అల్జీమర్స్ అని తేల్చారు. మీ నాయనమ్మ కూడా చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టేది కాదు. మీకిప్పుడు 46. ఈ మధ్య స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు, గదిలోకి ఎందుకొచ్చారో మీకే గుర్తుండటం లేదు. రోజూ రెండు చెంచాల కొబ్బరినూనె తాగితే ఈ జబ్బు రాదని వాట్సాప్‌లో ఎవరో పంపారు. కోనసీమలో పుట్టినదాన్ని, కొబ్బరికి కొదవేముంది, మొదలుపెట్టనా అని అడిగారు. నెయ్యి మానేయాలా, చేపలు తినాలా, సరస్వతి ఆకు మాత్రలు పనిచేస్తాయా అని కూడా అడిగారు.

కొబ్బరినూనె మొదలుపెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు బీపీ చూపించుకోండి. మీరు అంత వివరంగా రాసినదాంట్లో తిండి మాట చాలాసార్లు వచ్చింది గానీ బీపీ మాట, షుగర్ మాట ఒక్కసారి కూడా రాలేదు. నేను 32 ఏళ్ళుగా ఈ డెల్టాలోనే జనరల్ ఫిజీషియన్‌గా ఉన్నాను. మతిమరుపు భయంతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇలాగే అడుగుతారు, ఏం తినమంటారు అని.

మా అమ్మ సంగతి చెబితే నా తొందర మీకు అర్థమవుతుంది. ఆవిడ చేతి చేపల పులుసుకి మా వీధిలో పేరు. 68వ ఏట ఒక ఆదివారం పులుసులో చింతపండు రసం పోసింది, ఉప్పూ కారం చూసింది, మూత పెట్టింది. ఐదు నిమిషాలయ్యాక మూత తీసి, "అయ్యో, పులుపు వెయ్యనేలేదు" అని మిగిలిన చింతపండు పిసికి మళ్ళీ పోసింది. నేను పక్కనే పీట మీద కూర్చుని కొత్తిమీర తుంచుతున్నాను. "పోశావు కదమ్మా" అన్నాను. నా వంక చూసింది. ఆ చూపులో భయం ఉంది. తనకే ఏదో తెలుస్తోందన్నమాట. మొదట చూపించిన చోట "పెద్ద వయసు కదా, మామూలే" అని పంపేశారు. ఏడాదిన్నర అలా గడిచిపోయింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఏడాదిన్నర కన్నా దానికి ముందు గడిచిన ఇరవై ఏళ్ళు. అమ్మకి 45 ఏళ్ళప్పటి నుంచీ బీపీ ఉంది. తల తిరిగితే మాత్ర వేసుకునేది, బాగుంటే మానేసేది. అడిగితే "ఆయ్, వేసుకుంటున్నాలే" అనేది. డాక్టర్ని అయ్యుండి నేనూ గట్టిగా పట్టుకోలేదు. మాత్రలు సరిగ్గా వేసుకుని ఉంటే జబ్బు వచ్చేదే కాదని నేను చెప్పలేను. ఇంకొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చేదేమో అనిపిస్తుంది. మతిమరుపులో ఆ కొన్నేళ్ళు చిన్న విషయం కాదని మీకు ఇప్పటికే తెలుసు.

ఇక వారసత్వం మాట. తండ్రికి ఉంటే పిల్లలకి ముప్పు కొంత ఎక్కువ, నిజమే. కానీ తల్లిదండ్రుల నుంచి నేరుగా దిగివచ్చే రకం అల్జీమర్స్ మూడు జన్యువుల వల్ల వస్తుంది, అది చాలా అరుదు, మామూలుగా 65 లోపే బయటపడుతుంది. మీ నాన్నగారిది ఆ రకంలా లేదు. పెద్ద వయసులో వచ్చేదానికి ఏపీఓఈ-4 అనే జన్యువు ముప్పు పెంచుతుంది గానీ, అది ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, లేనివాళ్ళందరూ తప్పించుకోరు. బ్రిటన్‌లో దాదాపు 1,96,000 మంది వివరాలతో చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. జన్యువుల పరంగా ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళలో కూడా పొగ తాగకుండా, ఒళ్ళు కదిలిస్తూ, మంచి తిండి తింటూ, మద్యం మితంగా ఉంచుకున్నవాళ్ళకి డిమెన్షియా (మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరు, అల్జీమర్స్ అందులో ఒక రకం) ముప్పు సుమారు 32 శాతం తక్కువగా కనిపించింది. అంటే మీ చేతిలో కొంత ఉంది. ఆ కొంత ఎంతన్నది లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టింది: 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగానో చేసే వీలుంది. మిగతా సగానికి పైగా వయసు, జన్యువులు, ఇంకా మనకి అందని సంగతులు. అందుకే ఎవరైనా "ఇది తాగితే రాదు" అంటే నమ్మకండి.

ఆ 14లో బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, లావు, పొగ, మద్యం, కదలిక లేకపోవడం ఉన్నాయి. గుండె జబ్బుకి చెప్పే జాబితాయే కదా ఇది! మెదడు బరువు ఒంటి బరువులో యాభయ్యో వంతే, కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు అదే వాడుకుంటుంది. ఆ సరఫరా అంతా వెంట్రుకల కన్నా సన్నటి రక్తనాళాల్లోంచి జరగాలి. ఏళ్ళ తరబడి బీపీ కొట్టే దెబ్బకి అవి బిరుసెక్కుతాయి, పూడుకుంటాయి. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ జబ్బు బయటపడటానికి 15, 20 ఏళ్ళ ముందే మొదలవుతుంది. ఒకపక్క అది, ఇంకోపక్క ఈ నాళాల దెబ్బ. పెద్దవాళ్ళ మెదళ్ళలో రెండూ కలిసే కనిపించడం మామూలు. అందుకే నలభైల్లో ఉన్న మీ బీపీ గురించి ఇంత పట్టుపడుతున్నాను. 40 దాటాక పై అంకెని 130 లోపు ఉంచుకోవడం మంచిదని ఆ కమిషన్ చెప్పింది. అమెరికాలో 9,361 మందితో చేసిన ప్రయోగంలో బీపీని ఇంకా గట్టిగా, 120 లోపుకి తెచ్చినవాళ్ళలో జ్ఞాపకశక్తి తొలిగా తగ్గడం సుమారు అయిదో వంతు తక్కువగా కనిపించింది. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. మీకు ఎంత ఉండాలన్నది మీ డాక్టర్ చెబుతారు, మీ అంతట మీరు మాత్రలు పెంచుకోకండి, మానకండి.

బీపీ అంటే మన వైపు ముందు చూడాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు. ఈ సంగతి నేను వేలమందికి చెప్పి ఉంటాను, నా వంటింట్లో మాత్రం ఎన్నడూ కొలవలేదు. ఒకరోజు కొలిచాను. ఇంట్లో ఇద్దరం. పొద్దున్నే సాసర్లో రెండు చెంచాల ఉప్పు పోసి, ఈరోజు వంటంతా ఇందులోంచే అనుకున్నాను. ఇడ్లీ పిండికి కొంత పోయింది, చట్నీకి కొంత. పప్పుకి, బెండకాయ పులుసుకి, మజ్జిగకి వేసేసరికి మధ్యాహ్నానికి సాసర్ అడుగు కనిపించింది. అప్పటికి ఆవకాయ జాడీ ఇంకా దించనేలేదు, రాత్రి వంట మొదలవనేలేదు. మీరూ ఒక్కరోజు ఇలా చేసి చూడండి. ఆవకాయ మానేయమని గోదావరి మనుషులకి నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. పచ్చడి పప్పన్నంలోకి నంజుకునేంత ఉండాలి గానీ, దాంతోనే అన్నమంతా కలిపేయకూడదు. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు రోజూ కంచంలో ఉంటే కూరలో ఉప్పు తగ్గించి లాభం లేదు.

అన్నం దగ్గరికి వద్దాం. వరి పండించే నేల మనది, అన్నం మానమనడం నాకూ నచ్చదు. కంచంలో అన్నం గుట్టలా ఉండి, కూర అంచున ముద్దంత ఉంటుంది చూడండి, దాన్ని తిరగెయ్యండి. కూర, పప్పు, ఆకుకూర కలిపి కంచంలో సగం పైన, అన్నం దానికన్నా తక్కువ. ఇంకో సంగతి నాకెప్పుడూ ఇష్టంగా చెప్పాలనిపిస్తుంది. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, మన ఎంటీయూ 7029, ఉంది కదా. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే, రక్తంలో చక్కెర నెమ్మదిగా పెంచే రకాల్లో మన స్వర్ణ ఉంది. మన పొలంలో పండినదాన్ని అమ్మేసి, తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం కొనుక్కుని తింటున్నాం. స్వర్ణని తక్కువ పాలిష్‌తో ఆడించుకుని, కొలతగా వండుకుంటే షుగర్ అంచున ఉన్నవాళ్ళకి మేలు. అలాగని రెండు కంచాలు తింటే ఏ బియ్యమైనా ఒకటే.

విదేశాల్లో మెదడు కోసం "మైండ్ డైట్" అని ఒకటి తయారుచేశారు. ఆకుకూరలు, చిక్కుళ్ళు, గింజలు, చేపలు, ముతక ధాన్యాలు ఎక్కువ. వెన్న, స్వీట్లు, వేపుళ్ళు తక్కువ. 2015లో వచ్చిన పరిశీలనలో దాన్ని బాగా పాటించినవాళ్ళకి అల్జీమర్స్ సగానికి సగం తక్కువని కనిపించింది. కానీ 2023లో 604 మందితో మూడేళ్ళు పక్కాగా ప్రయోగం చేస్తే, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా రాలేదు. తిండి ఒక్కటే పట్టుకుంటే సరిపోదని నాకు దాన్నుంచి అర్థమైంది. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మందితో చేసిన ప్రయోగంలో తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి రెండేళ్ళు చేయించారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో తేడా కనిపించింది.

మైండ్ డైట్ అన్నారని బ్లూబెర్రీలు, ఆలివ్ నూనె కోసం కాకినాడ పరుగెత్తనక్కర్లేదు. పెరట్లో తోటకూర, బచ్చలి, మునగాకు, గట్టు మీద పొన్నగంటి, బజార్లో గోంగూర ఉండగా వారంలో ఆరు రోజులు ఆకుకూర తినడం కష్టమా? ఉలవలు, పెసలు, అలసందలు ఉన్నాయి. సాయంత్రం బజ్జీల బదులు గుప్పెడు వేరుశెనగలు ఉడకబెట్టుకోండి. నేరేడుపళ్ళు, జామకాయలు సీజన్‌లో తినండి.

చేప మంచిదే. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మనవాళ్ళు, మెదడు కోసం అయితే పుస్తెల దాకా పోనక్కర్లేదు. అంతర్వేది, నర్సాపురం వైపు నుంచి వచ్చే కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు చవకగా దొరుకుతాయి, ఒమేగా-3 కొవ్వు వాటిల్లో బాగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పులుసుగానో ఇగురుగానో వండుకోండి. ముక్కని నూనెలో కరకరలాడేలా వేయించి, అదే నూనె మర్నాడు మళ్ళీ పెడితే చేప తిన్న ఫలం దక్కదు. చేప తిననివాళ్ళు గింజలు, ఆకుకూరలు పెంచుకుని, బి12 మాత్రం పరీక్ష చేయించుకోవాలి. బి12 తగ్గినా మతిమరుపు వస్తుంది, దాన్ని సరిచేయవచ్చు.

ఇప్పుడు కొబ్బరినూనె. అందులో కొవ్వు నూటికి 80 పాళ్ళ పైగా సంతృప్త రకం, చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. నడివయసులో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండటమే ఆ 14 కారణాల్లో ఒకటి. నూనె తాగి అల్జీమర్స్ రాకుండా ఆగిందని చూపించిన గట్టి ప్రయోగం ఏదీ లేదు. కొబ్బరి చట్నీ తినండి, కొబ్బరన్నం పండగకి చేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మందులా చెంచాలతో తాగొద్దంటున్నాను. నెయ్యి కూడా అంతే, ఒక చెంచా చాలు. పసుపులో కర్క్యుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ, దాని మాత్రలతో చేసిన ప్రయోగాలు ఈ జబ్బుని ఆపుతాయని తేల్చలేదు. సరస్వతి ఆకుకీ అలాంటి రుజువు లేదు. గింకో బిలోబా అనే మాత్రలకి మన దగ్గర కూడా బాగా డబ్బు పెడుతున్నారు. అమెరికాలో 3,069 మంది పెద్దవాళ్ళకి ఏళ్ళ తరబడి ఇచ్చి చూస్తే డిమెన్షియా ఏమాత్రం తగ్గలేదని 2008లోనే తేలిపోయింది. ఆ డబ్బుతో ఇంట్లోకి బీపీ మిషన్ కొనుక్కోండి.

నడక గురించి పెద్దగా చెప్పను, మీకూ తెలుసు. మన పెద్దవాళ్ళకి ఊడ్పులు, కోతలు, నూతిలో నీళ్ళు తోడటమే వ్యాయామం. ఇప్పుడు మిషన్లు వచ్చాయి, పొలం కౌలుకిచ్చాం, వీధి చివర కొట్టుకి కూడా బండి మీద వెళ్తున్నాం. రోజుకి 3,800 అడుగులు నడిచినవాళ్ళకే డిమెన్షియా ముప్పు పాతిక శాతం, 9,800 నడిచినవాళ్ళకి సగం తక్కువగా కనిపించిందని 2022లో బ్రిటన్ లెక్కలు వచ్చాయి. కాలువ గట్టుకి మనకి కరువు లేదు కదా, పొద్దున్నే అరగంట కాస్త ఊపిరి వేగం పెరిగేలా నడవండి.

పొగ మానాలి. లంక పొగాకు చుట్ట అయినా, సిగరెట్ అయినా ఒకటే. బండెక్కితే హెల్మెట్ పెట్టుకోవాలి, తలకి తగిలే దెబ్బ కూడా ఆ 14లో ఒకటి. కొబ్బరి దింపు చేసేవాళ్ళకీ ఈ మాట చెబుతూ ఉంటాను. వంటకి గ్యాస్ ఉన్నా నీళ్ళు కాచుకోవడానికి ఇంకా కమ్మలూ డొక్కలూ పెడతాం కదా, ఆ పొయ్యి గాలి ఆడే చోట ఉంచండి.

చెవుల గురించి మాత్రం ఆగి చెప్పాలి, మనవాళ్ళు అస్సలు పట్టించుకోనిది ఇదే. కిందటి సంక్రాంతి తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారిని ఆయన కోడలు తీసుకొచ్చింది. "ఒకటి అడిగితే ఇంకోటి చెబుతున్నారండి, సాయంత్రం అరుగు మీదకి వెళ్ళడం మానేశారు, టీవీ ముందు ఊరికే కూర్చుంటున్నారు" అంది. అల్జీమర్స్ అని ఇంట్లో నిర్ణయించేసుకున్నారు. నేను ఆయన వెనక నిలబడి మామూలు గొంతుతో "మాస్టారూ, ఏ ఊళ్ళో చేశారు ఉద్యోగం?" అన్నాను. కదల్లేదు. ఎదురుగా వచ్చి అదే అడిగితే నా పెదాలు చూసి, ఊరి పేరుతో సహా ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకానో చెప్పారు. చెవుల్లో గులిమి గడ్డకట్టి ఉంది, దాని వెనక వినికిడి కూడా తగ్గింది. శుభ్రం చేయించి, పరీక్ష చేయించి మిషన్ పెట్టించాం. రెండు నెలల తర్వాత కోడలు ఫోన్ చేసి, మళ్ళీ అరుగు మీద పేకాట మొదలైందని చెప్పింది.

ఆయనకి జబ్బే లేదు. కానీ అలా వదిలేసి ఉంటే? వినపడని మనిషి మాటలు తగ్గిస్తాడు, నలుగురిలోకి వెళ్ళడం మానేస్తాడు, మెదడుకి పని తగ్గిపోతుంది. 2023లో అమెరికాలో 977 మంది పెద్దవాళ్ళతో వినికిడి మిషన్ల ప్రయోగం చేశారు. మొత్తం మీద తేడా రాలేదు గానీ, బీపీ షుగర్ లాంటి ముప్పులు ఎక్కువగా ఉన్నవాళ్ళలో మాత్రం మూడేళ్ళలో మతి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. కళ్ళకీ ఇదే మాట. శుక్లాలు ముదిరితే ఆపరేషన్ వాయిదా వేయకండి.

నిద్ర గురించి కూడా చెప్పాలి. మీరు నాన్నగారి కోసం రాత్రి రెండుమూడుసార్లు లేస్తున్నారు, మీ ఆయన రొయ్యల చెరువు ఏరేటర్లు ఆగాయేమోనని తెల్లవారుజామున లేచి పరుగెడుతున్నారు. ఇద్దరికీ ఆరు గంటల నిద్ర కూడా లేదు. బ్రిటన్‌లో దాదాపు 8,000 మంది ప్రభుత్వోద్యోగుల్ని పాతికేళ్ళు గమనిస్తే, యాభై, అరవై, డెబ్బై ఏళ్ళ వయసులో వరసగా ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకునేవాళ్ళకి డిమెన్షియా ముప్పు 30 శాతం ఎక్కువగా కనిపించింది. మీ తమ్ముడు టౌన్‌లోనే ఉన్నారన్నారు. వారంలో రెండు రాత్రులు నాన్నగారి దగ్గర ఆయన్ని పడుకోమనండి. అడగడానికి మొహమాటపడకండి, ఆయనకీ తండ్రే కదా.

మెదడుకి పని మాట. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా ఉంది. భాషలు కలిసిన మన తెలుగు మనుషుల మీద చేసిన అధ్యయనం కాబట్టి నాకు మరీ ప్రియం. మీ అమ్మాయి హిందీ టీచర్ అన్నారు కదా, రోజూ పావుగంట ఆ అమ్మాయితో హిందీలో మాట్లాడండి, తప్పులొస్తే రానివ్వండి. ఎప్పుడూ చేసే సుడోకు కన్నా రాని పని నేర్చుకోవడం మంచిది. గుళ్ళో భజన బృందంలో చేరి కొత్త కీర్తనలు నేర్చుకున్నా సరే, అందులో నలుగురి తోడూ ఉంటుంది.

చివరిగా మీ మతిమరుపు. 46 ఏళ్ళు, నెలసరి ఆగే వయసు, చాలని నిద్ర, ఇంట్లో జబ్బు మనిషి, చెరువు టెన్షన్. ఇన్ని ఉంటే పాలు పొంగడం మామూలే, అది అల్జీమర్స్ అని నాకనిపించడం లేదు. అయినా అనుమానం ఉంచుకోవద్దు. ఈ నెలలోనే బీపీ, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటోందా, ఏడుపు వస్తోందా అని డాక్టర్ అడిగితే దాచకుండా చెప్పండి, డిప్రెషన్ కూడా మతిమరుపులా కనిపిస్తుంది. దానికి మందుంది. తెలిసిన దారి తప్పడం, వంట చేసే వరస మర్చిపోవడం, డబ్బు లెక్క తేలకపోవడం లాంటివి మొదలైతే మాత్రం న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి, మనం గమనించనివి వాళ్ళు చెబుతారు.

నాన్నగారి చెవులు కూడా ఒకసారి చూపించండి. ఆయన బీపీ మాత్రలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసి, ఇకనుంచి మీరే ఇవ్వండి. మీ బీపీ వారం రోజులు పొద్దునా సాయంత్రం, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి, కాగితం మీద రాసి మీ డాక్టర్‌కి చూపించండి. ఆ అంకెలు ఇక్కడ కూడా రాయండి, చూస్తాను.